పసుపు ముందు నిలబడ్డ మనుషులు

జ్ఞాపకాలు రాసుకునే వయసు నీకింకా రాలేదని మా ఇంట్లో వాళ్ళు అంటారు. మనుషుల లెక్కలో రాలేదేమో గానీ, ఫోన్ల లెక్కలో ఎప్పుడో వచ్చేసింది. నేను చెప్పబోయే రోజుల్లో మా ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల్లో నెట్ కావాలంటే డాబా ఎక్కాలి, అద్దం పగిలిన ఫోన్‌ను ఎవరూ పగిలిన ఫోన్ అనుకునేవారు కాదు, ఎవరైనా కొత్త యాప్ వేసుకుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూసేవారు. ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే తెలుసు. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో డిజైనర్‌గా చేరి ఇంకా ఏడాది తిరగలేదు. కానీ మనిషి బొటనవేలు స్క్రీన్ మీద ఎక్కడికి పోతుందో, కళ్ళు ఎక్కడ ఆగుతాయో, ఏ రంగు చూస్తే ధైర్యం వస్తుందో, దేన్ని చూస్తే బెదురు పుడుతుందో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేదాన్ని. పెళ్ళికి పోతే శుభలేఖలో అక్షరాల సైజు గురించి, దవాఖానకు పోతే గోడల మీద బాణం గుర్తుల గురించి మాట్లాడేదాన్ని. (ఆ బాణాల వెంట నడిచిన ప్రతిసారీ క్యాంటీన్‌కే చేరాను కాబట్టి, దవాఖాన విషయంలో మాత్రం ఇప్పటికీ న్యాయం నా వైపే ఉంది.)

మా ఆఫీసులో పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన్ను మేము చాటుగా 'ఎందుకు సార్' అనేవాళ్ళం. ఏ మాట చెప్పినా ఎందుకు అనడం, దానికి జవాబు చెప్తే మళ్ళీ ఎందుకు అనడం, అలా ఐదుసార్లు తవ్వితే అసలు కారణం బయట పడుతుందనడం ఆయన పద్ధతి. మా వృత్తిలో అది పేరున్న పద్ధతే. కాకపోతే సెలవు అడిగినా ఇదే పద్ధతి వాడేవారు. ఆయన ఒకరోజు నన్ను పిలిచి కొత్త పని అప్పజెప్పారు. పసుపు రైతు తన కళ్ళం దగ్గరే పంట ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి, వ్యాపారి తన దుకాణంలో కూర్చుని ఆ ఫోటో చూసి ధర చెప్పాలి, ధర నచ్చితేనే రైతు బండి మాట్లాడుకోవాలి. "ఆర్మూర్ మీదే కదా, నువ్వే వెళ్ళు. ఇది గట్టెక్కితే నీ ఉద్యోగం పర్మినెంట్ చేద్దాం. లేదంటే, చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. నాకు ముందు నా కుర్చీలో కూర్చున్నతనితో కూడా చూద్దామనే అన్నారట, ఆ తరువాత అతన్ని ఎవరూ చూడలేదు. అయినా నాకు భయం వేయలేదు. పసుపు ఊళ్ళో పుట్టినదాన్ని, పైగా డిజైనర్‌ని. ఈ పని కోసమే నన్ను భూమ్మీదకు పంపించారని గట్టిగా నమ్మాను.

మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, వేల్పూరులో పసుపు వేస్తాడు. నేను వాళ్ళింట్లో దిగాను. వస్తూ వస్తూ ఒక పెద్ద పోస్టర్ తెచ్చాను. అది మా 'పర్సోనా'. మనం తయారుచేసే వస్తువును వాడబోయే మనిషి ఎలా ఉంటాడో ఊహించి, అతనికొక పేరు, వయసు, ఆశలు, చిరాకులు రాసి, ఒక బొమ్మ పెట్టి గోడకు అంటించుకోవడం మా దగ్గర ఆచారం. మా రైతుకు రాజన్న అని పేరు పెట్టుకున్నాం. ఆఫీసులో అందరికీ రాజన్న అంటే ప్రాణం. ఏ గొడవ వచ్చినా "రాజన్న అయితే ఏం చేస్తాడు?" అని ఒకరినొకరం అడిగేవాళ్ళం. చిన్నబాపు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పోస్టర్‌ను చాలాసేపు చూశాడు.

"గీయన ఎవలు బిడ్డా? ఏ ఊరాయన?"

"ఎవరు కాదు చిన్నబాపూ. మేమే ఊహించుకున్నం."

"ఊహించుకునుడేంది? గింతమంది రైతులం బతికుండంగ లేనోణ్ని ఊహించుకునుడేంది? గీ తలపాగ మన దిక్కు కట్టరు. నిలవడ్డది సుత గోధుమ చేన్ల. మనోడు గాదు గీయన."

బొమ్మ ఇంటర్నెట్‌లో దొరికింది. అందులో చేను ఏమి చేనో చూసుకోవాలని మాకు తట్టలేదు. అయినా నేను తగ్గలేదు, ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి అని చెప్పాను. చిన్నబాపు సరే అన్నాడు గానీ, నేనున్నన్నాళ్ళూ ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ పోస్టర్ చూపించి "గీయన మీకు చుట్టం అయితడా చూడున్రి" అని అడుగుతూనే ఉన్నాడు. మెండోర నుంచి వచ్చిన ఒకాయనైతే తన బామ్మర్ది పోలికలున్నాయని చెప్పి, అవునా కాదా అని గంటసేపు వాదించి పోయాడు.

పని మాత్రం పద్ధతిగా మొదలుపెట్టాను. మొదట కాగితం మీద నమూనా. ఇంట్లో పోగుపడ్డ శుభలేఖల అట్టల వెనకవైపు ఒక్కో స్క్రీన్ గీశాను, ఒక అట్ట మీద వేలు పెడితే నేను రెండో అట్ట పెడతాను, అదీ ఆట. మొదటి పరీక్ష మా చిన్నమ్మకే పెట్టాను. వాడేటప్పుడు మనసులో ఏమనుకుంటున్నావో అది పైకి చెప్తూ ఉండాలి అని చెప్పాను. ఇదీ పేరున్న పద్ధతే. దాన్ని చిన్నమ్మ వాడినంత నిజాయితీగా ప్రపంచంలో ఎవరూ వాడి ఉండరు. అట్ట మీద వేలు పెట్టి, "పొయ్యి మీద పాలున్నయి. మీ చిన్నబాపు పొద్దుగాల వోయిండు, ఇంకా రాలే. మా ఆడిబిడ్డ పోయిన ఐతారం వచ్చి చీర బాగుందన్నది, గామె బాగుందంటే ఇచ్చేదాక పోదు. గీ బొమ్మ ఏంది, కెమెరానా? వొత్తిన" అంది. పేజీ తరువాత పేజీ రాసుకున్నాను. తరువాత చదివి చూసుకుంటే యాప్ గురించి ఒక్క ముక్క, ఆడబిడ్డ గురించి మిగతాదంతా ఉంది.

కానీ ఆ రోజే ఒక అద్భుతం జరిగింది. పసుపు కొమ్ములు ఏరుతూ మధ్యలో లేచి వచ్చినందువల్ల చిన్నమ్మ చేతుల నిండా పసుపే. ఆమె ఎక్కడెక్కడ వేలు పెట్టిందో అక్కడక్కడ అట్టల మీద పచ్చటి ముద్రలు పడ్డాయి. ఏ బటన్ సులువుగా దొరికిందో, ఎక్కడ తడుముకుందో, ఎక్కడ వేలు పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకుందో అంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఇలాంటి పటం తీయడానికి పెద్ద కంపెనీలు మిషన్లు కొంటాయి. నేను వాడకట్టులో అందరి చేతా, ఏరే పని మధ్యలోంచి లేపి మరీ, ఆ అట్టలు నొక్కించాను. కడుక్కుని వచ్చినవాళ్ళను వెనక్కి పంపించాను. ఫోటోలు తీసి ఆఫీసుకు పంపితే, 'ఎందుకు సార్' జీవితంలో మొదటిసారి ఎందుకు అనకుండా "భలే" అన్నారు. దానికి నేను 'పసుపు పద్ధతి' అని పేరు కూడా పెట్టేశాను. (ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకు ఆ ఫోటోలు చూపిస్తాను. అది మంచి పద్ధతి, నేను కనిపెట్టాను, ఇందులో వినయం నటించాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.)

యాప్ తయారై వచ్చింది. చిన్నబాపు బండేసుకుని వేల్పూరు, ఏర్గట్ల తిరిగి, "మా అన్న బిడ్డ చేసింది, పెట్టుకోన్రి" అని తన మాట మీద అందరి ఫోన్లలో పెట్టించాడు. రెండు రోజుల్లో ఫోటోలు వచ్చిపడ్డాయి. నేను ఛాతీ విరుచుకుని ఆర్మూరులో సేట్ చాచా అడ్తి దుకాణానికి వెళ్ళాను. సేట్ చాచా చిన్నబాపుకు చిన్నప్పటి దోస్తు, రెండు తరాల నుంచి పసుపు కొనే ఇల్లు వాళ్ళది. యాప్‌లో ధర చెప్పడానికి ఒప్పుకున్న మొదటి వ్యాపారి ఆయనే. ఆయన ఫోన్‌ను దూరంగా పట్టుకుని ఒక్కో ఫోటో జరుపుతూ పోయాడు. ఎంతసేపటికీ ధర చెప్పడు. చివరికి నా వైపు తిరిగి, "బేటీ, ఒక ముచ్చట అడుగుత, ఏమనుకోకు. నేను గీడ కూసున్నది పసుపు కొనెటందుకా, పెండ్లి సంబంధాలు చూసెటందుకా?" అన్నాడు.

ఫోన్ లాక్కుని చూశాను. ఒక్క ఫోటోలోనూ పసుపు లేదు. ఉంది, కానీ కనిపించదు. కుప్ప ముందు ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు. పెళ్ళిచీరలు, ఇస్త్రీ చొక్కాలు, నల్లకళ్ళద్దాలు. ఒక ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు, ఆమె కొత్తచీర మడతలు ఇంకా విప్పుకోనే లేదు. ఒకరు ట్రాక్టర్ కడిగి దండ వేసి తెచ్చి అడ్డంగా పెట్టారు. ఒక ఫోటోలో మాత్రం ఒక పెద్దమనిషి రెండు కాళ్ళ సందులోంచి కాస్త పచ్చగా కనిపించింది. సేట్ చాచా దాన్నే పెద్దది చేసి, తల అటూ ఇటూ వంచి చూసి, "రంగు మంచిగనే ఉన్నట్టుంది. గాని గాయన కొంచెం కాళ్ళు ఎడం జరుపుతె ధర చెప్తుంటి" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వచ్చే సోమవారం 'ఎందుకు సార్', డబ్బు పెట్టేవాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకుని, ఇదే దుకాణానికి వచ్చి చూస్తామని అప్పటికే చెప్పి ఉన్నారు.

ఆ పూటే సరిచేశాను. ఫోటో తీసే స్క్రీన్ మీద ఒక మనిషి బొమ్మ వేసి, దాని మీద ఎర్రటి అడ్డగీతలు రెండు కొట్టి, కింద 'పంట మాత్రమే' అని రాయించాను. పాత ఫోటోలన్నీ తీసేయించాను. చూడగానే అర్థమయ్యేలా, ఎంతో పొదుపుగా ఉందనిపించింది. నిజంగానే చూడగానే అర్థమైంది, కాకపోతే వాళ్ళకు అర్థమైంది వేరు. మర్నాటి నుంచి ఒక్క ఫోటో రాలేదు. చిన్నబాపు బజారుకు పోయి మొహం మాడ్చుకుని వచ్చాడు. "బతికున్న మనిషి మీద ఎర్రగీతలు కొడ్తరా పొల్లా? ఏర్గట్లోళ్ళు నన్ను నిలవెట్టి అడుగుతున్నరు. మా ముసలామె ఫోటో మాయం జేసి, మనిషిని కొట్టేసిన బొమ్మ వెట్టిన్రు, ఇదేం అపశకునం అంటున్నరు. నా మాట మీద పెట్టుకున్నరు బిడ్డా వాళ్ళు." ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు గుచ్చుకుంది. నా ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కుంటాను. ఆయన మాట ఆ ఊళ్ళలో పోతే ఎక్కడ వెతుక్కుంటాడు?

చిన్నమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆమె ఫోటో కూడా పోయింది మరి. చాయ్ మాత్రం గ్లాసు చప్పుడయ్యేలా పెట్టి పోతోంది. ఇక దారి లేక 'ఎందుకు సార్' విద్యనే నమ్ముకున్నాను. పసుపు ఏరుతుంటే పక్కన కూర్చుని, నేనూ నాలుగు కొమ్ములు ఏరి, "చిన్నమ్మా, పసుపు ఫోటో అంటే అందరు దాని ముంగట ఎందుకు నిలవడ్డరు?" అన్నాను.

"నిలవడక? ఉత్త కుప్పను ఫోటో తీసి అందరికి చూపెడితె మంచిగుంటదా?"

"ఎందుకు ఉండదు?"

"దిష్టి తాకదా?"

"మరి మీరు నిలవడితే మీకు తాకదా? ఎందుకట్ల?"

చిన్నమ్మ చెయ్యి ఆపింది. "మాకు తాకితె ఉప్పు తిప్పి పారేసుకుంటం. గంత కుప్పకు తాకితె ఎవలు తిప్పుతరు, ఎంత ఉప్పు తిప్పుతరు? అందుకే అడ్డం నిలవడ్డం." ఇంకో కొమ్ము చేతిలోకి తీసుకుని మళ్ళీ తనే అంది. "ఇంకోటి, సంవత్సరమంత చేన్ల పడి సచ్చింది మేము. పసుపు ఎవలిదో తెలువద్దా?"

మూడు ఎందుకులకే పని అయిపోయింది. మిగిలినవి దాచుకున్నాను. ఫోటోల్లో తప్పేమీ లేదని, నా స్క్రీనే రెండు ప్రశ్నలకు ఒకే గడి ఇచ్చిందని అర్థమైంది. ఈ పసుపు ఎవరిది అన్నది వాళ్ళు చెప్తున్నారు, ఈ పసుపు ఎలాంటిది అన్నది చాచా అడుగుతున్నాడు. మొదటిదానికి ఇంకో చోటు ఇస్తే సరిపోతుంది. రెండోదానికి ఏం చేయాలో తోచక, చిన్నబాపు వెంట మళ్ళీ చాచా దుకాణానికి వెళ్ళాను. అక్కడ చిన్నబాపు కూర్చోగానే, అలవాటుగా, అంగీ జేబులోంచి ఒక పసుపు కొమ్ము తీశాడు. టక్కున విరిచాడు. విరిగిన ముక్కను అరచేతిలో పెట్టి చాచా ముందు చాపాడు. చాచా చూసింది ఆ లోపలి రంగు. చిన్నప్పటి నుంచి నేను లక్షసార్లు చూసిన దృశ్యం అది. కుప్పను చూపడానికి భయపడే మనుషులు, ఒక్క కొమ్మును ఏ జంకూ లేకుండా లోకం ముందు పెడుతున్నారు. నేను లేచి నిలబడి "దొరికింది" అని అరిచాను. "ఏం పోయింది బేటీ?" అని చాచా బెంచీ కింద చూశాడు.

సోమవారానికల్లా స్క్రీన్ మారిపోయింది. మనిషి బొమ్మ లేదు, ఎర్రగీతలు లేవు, 'చేయండి', 'చేయకండి' అన్న రాతలు లేవు. కెమెరా తెరిస్తే గీతతో గీసిన ఒక అరచేతి ఆకారం కనిపిస్తుంది, దాని మధ్యలో విరిగిన కొమ్ము. అంతే. పైన గుండ్రటి గడిలో పాత ఇంటిల్లిపాది ఫోటోలు మళ్ళీ వచ్చి కూర్చున్నాయి, పక్కన 'ఈ పసుపు వీళ్ళది' అని. చిన్నబాపు మళ్ళీ బండి తీసి ఊళ్ళు తిరిగాడు. నేను మాత్రం చాచా దుకాణం ముందు నిలబడి, పైకి దర్జాగా 'ఎందుకు సార్' బృందానికి ఎదురెళ్ళాను.

అందరి ముందూ మొదటి ఫోటో తీయవలసింది చిన్నమ్మ. ఆమె ఇంట్లో ఉన్న బంగారు గాజులన్నీ చేతికి వేసుకుని, గోళ్ళకు రంగు పూసుకుని వచ్చింది. (అరచేయి కూడా ఫోటోలో పడేదే కదా.) కొమ్మును విరిచింది, ఆ గీసిన ఆకారంలో అరచేయి పెట్టింది, నొక్కింది. ఇలా పెట్టు, అలా నొక్కు అని ఎవరూ చెప్పాల్సి రాలేదు. విరిగిన కొమ్ము లోపలి ముదురు రంగు స్క్రీన్ నిండా వచ్చింది. సార్ తన సహజ ధోరణిలో ముందుకు వంగి, "అమ్మా, మీరు గాజులు ఎందుకు..." అని మొదలుపెట్టారు. చిన్నమ్మ ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "ఎందుకు అనేటియన్ని మా బిడ్డ అడిగేసింది సార్. మీరు చాయ్ తాగున్రి." ఆయన తాగారు.

సేట్ చాచా ముందు గుండ్రటి గడిలో మనుషులను చూశాడు, "అచ్ఛా, వీళ్ళదా" అన్నాడు. తరువాత అరచేతిని పెద్దది చేసి రంగు చూశాడు. ధర చెప్పాడు. పక్కనే కూర్చున్న చిన్నబాపు, ఫోన్‌లో వచ్చిన ధరను ఫోన్‌లోనే చూసి, చాచా మొహం చూడకుండా, "ఇంకో మాట చూడున్రి సేట్" అన్నాడు. చాచా కూడా ఆయన్ను చూడకుండా ఇంకో మాట పెట్టాడు. డబ్బు పెట్టేవాళ్ళు అది యాప్ గొప్పతనమే అనుకుని తలలూపారు. అప్పుడే ఫోన్ మోగడం మొదలై ఆగలేదు. ఏర్గట్ల నుంచి అరచేతులు వచ్చాయి. ముడతలు పడ్డవి, కాయలు కాసినవి, ఉంగరాలున్నవి, గోరింటాకు పెట్టుకున్నవి. అన్నిటి మధ్యలోనూ విరిగిన పసుపు కొమ్ము. చిన్నబాపు వాటిని చూసి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. పసుపు దుమ్ము పడిందన్నాడు. నిజం చెప్పాలంటే నా కళ్ళలోనూ అదే దుమ్ము పడింది. కారెక్కుతూ సార్ నా వైపు చూసి "చూద్దాం" అన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. "పర్మినెంట్ కాగితాలు ఈ నెల ఇవ్వగలమేమో చూద్దాం" అని అప్పుడు పూర్తిచేశారు. మాట మధ్యలో ఆగి ఎదుటివాళ్ళను చంపే డిజైన్ ఏ పుస్తకంలో చదివారో ఇప్పటికీ అడగలేదు.

వాళ్ళ కారు మలుపు తిరిగిందో లేదో చిన్నమ్మ నా జబ్బ పట్టుకుంది. "మా ఫోటోల నువ్వు లేవు. నడువు" అని ఇంటికి లాక్కుపోయింది. కళ్ళంలో కుప్ప ముందు చిన్నబాపును, తనను నిలబెట్టుకుని, నన్ను మధ్యలోకి తోసింది. పక్కింటాయన ఫోటో తీశాడు. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ గుండ్రటి గడిలో వాళ్ళు అదే ఫోటో ఉంచుకున్నారు, మార్చమంటే మార్చరు. పని పడినప్పుడు యాప్ తెరిస్తే నాకు ఎదురుపడుతుంది. మెడలో ఆఫీసు కార్డు తగిలించుకుని, గడ్డం పైకెత్తి, ఈ లోకంలో ఇక కనిపెట్టాల్సింది పెద్దగా మిగల్లేదన్నట్టు నిలబడ్డ ఒక సన్నటి పిల్ల. ఆ పిల్లంటే నాకు ఇష్టమే. ఇవాళ నా దగ్గరికి ఉద్యోగానికి వస్తే మారు మాట లేకుండా తీసుకుంటాను. చూసిన ప్రతిసారీ మాత్రం, వెనక అంత కుప్ప ఉన్నా ఒక్క కొమ్ము కూడా కనిపించడం లేదు, కొంచెం పక్కకు జరుగమ్మా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా జరగదు, నాకు తెలుసు.